గడ్డకట్టే భయం, మరిగే భయం

శీతాకాలానికి బండిని ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పే తెలివిడి మన తెలుగువాళ్ల దగ్గర రెండు రకాలుగా ఉంది. ఒకటి అచ్చులో ఉంది. మినియాపొలిస్‌లోనో టొరంటోలోనో స్థిరపడ్డవాళ్లు, ఆగస్టులో విమానం దిగిన కొత్త విద్యార్థికి అక్టోబరు నాటికి పంపే జాబితా అది. బ్యాటరీ చూపించుకో, యాంటీఫ్రీజ్ పోయించుకో, వింటర్ టైర్లు వేయించుకో, డిక్కీలో పార, దుప్పటి, జంపర్ కేబుళ్లు పెట్టుకో అంటుంది. రెండోది అచ్చు మొహం చూడలేదు. చోడవరం నుంచి పాడేరుకి బండి కట్టే డ్రైవర్ల నోటిలోనే ఉంది. క్లీనరుగా చేరిన కుర్రాడు పక్క సీట్లో కూర్చుని, తిట్లు తింటూ నేర్చుకునే చదువు అది.

విచిత్రమేమిటంటే మొదటిది సముద్రాలు దాటి వచ్చి మన పత్రికల ఆటోమొబైల్ శీర్షికల్లోకీ, కార్ల కంపెనీలు పంచే వింటర్ చెకప్ కరపత్రాల్లోకీ దాదాపు మక్కికి మక్కీగా చేరింది. రెండోది మాడుగుల దాటి కిందికి రాలేదు. విశాఖలో కారు అద్దెకు తీసుకుని లంబసింగి బయల్దేరే కుర్రాడికి మైనస్ పద్దెనిమిది డిగ్రీల దగ్గర బ్యాటరీ ఏమవుతుందో తెలుసు. పాడేరు ఘాటీలోని వంట్లమామిడి మలుపుల్లో బ్రేకు ఏమవుతుందో తెలియదు.

ముందు నేల సంగతి చూద్దాం. 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖ జిల్లాలో ఉండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన చోడవరం మైదానపు ఊరు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున మఫ్లరు చుట్టుకునేంత చలి ఉంటుందే గానీ, ఆ చలికి బండికి వచ్చే జబ్బేమీ లేదు. అయితే ఇక్కణ్ణుంచి రెండు దారులు చలిలోకి ఎక్కుతాయి. వడ్డాది, మాడుగుల, గరికబంద మీదుగా పాడేరుకి ఒకటి. భీమిలి-నర్సీపట్నం (బీఎన్) రోడ్డు గుంతల్లో పడుతూ లేస్తూ రావికమతం, కొత్తకోట, నర్సీపట్నం దాటి, డౌనూరు దగ్గర ఘాటీ ఎక్కి లంబసింగికి రెండోది. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, లంబసింగి సుమారు 1000. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత డిసెంబరు, జనవరుల్లో జిల్లా పేజీల్లో ఒంటి అంకెగా అచ్చవుతుంది. మర్నాడు పర్యాటకుల బళ్లు బారులు తీరతాయి. లంబసింగికి పత్రికలు తగిలించిన ఆంధ్రా కశ్మీర్ అన్న బిరుదు సగం అనర్థానికి మూలమని నా అభిప్రాయం. కశ్మీర్ అనగానే మనసు మంచు మీదికి పోతుంది, జాబితా కూడా మంచుదే తెచ్చుకుంటుంది.

ఆ జాబితాను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అది పుట్టిన చోట ప్రతి మాటకీ కారణం ఉంది. సున్నా డిగ్రీల దగ్గర మామూలు సీసం బ్యాటరీ స్టార్టింగు బలంలో మూడో వంతు పోతుంది, మైనస్ 18 దగ్గర దాదాపు 60 శాతం పోతుంది. అదే సమయంలో ఇంజిన్ ఆయిలు చిక్కబడి, ఇంజిను తిరగడానికి ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది. రేడియేటరులో ఉత్త నీళ్లుంటే గడ్డకట్టి, వ్యాకోచించి, ఇంజిన్ దిమ్మెనే చీల్చేస్తాయి. ఇథిలీన్ గ్లైకాల్ సగం, నీళ్లు సగం కలిపితే మైనస్ 35 దాకా ఆ గండం ఉండదు. విన్నిపెగ్‌లో, నార్త్ డకోటాలో కార్ల ముందు జాలీలోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది. రాత్రంతా ఇంజిన్ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటరుది అది. ఎలక్ట్రిక్ కార్లు రావడానికి చాలా ముందే అక్కడివాళ్లు పెట్రోలు కార్లను గోడకి గుచ్చి పడుకోబెట్టారు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కిందికి పోతే బిగుసుకుని పట్టు తప్పుతుంది, అందుకే వింటర్ టైరుకి మెత్తటి రబ్బరు వాడతారు. మన దేశంలోనూ ఈ బాధ ఉన్నచోటు ఉంది. లడఖ్ చలికి డీజిల్లోని మైనం పేరుకుపోతుంటే ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో మైనస్ 33 దాకా పారే శీతాకాలపు డీజిల్ని తెచ్చింది.

ఇప్పుడు ఈ జాబితాను చేతబట్టుకుని డౌనూరు ఘాటీ ఎక్కి చూద్దాం.

యాంటీఫ్రీజ్ సంగతి: లంబసింగిలో రేడియేటరు గడ్డకట్టదు. కూలెంటు కావలసిందే గానీ, తుప్పు పట్టకుండా ఉండటానికీ, ఘాటీ ఎక్కేటప్పుడు త్వరగా మరగకుండా ఉండటానికీ. బ్యాటరీ సంగతి: మన బ్యాటరీలని చంపేది మే నెల ఎండ. చలి ఆ చావు కబురు చెబుతుందంతే. పైగా లంబసింగి పక్కనున్న చెరువులవేనం దగ్గర తెల్లారి స్టార్టు కాని కార్ల కథ విచారిస్తే, రాత్రంతా తలుపులు తీసి పాటలు పెట్టుకున్నామన్న నిజం బయటపడుతుంది. వింటర్ టైర్లు మనకి దండగ. తెల్లారగట్ల 7 డిగ్రీలకి తగ్గినా పదింటికల్లా ఎండెక్కుతుంది, కిందికి దిగితే ముప్పై. ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరిగి కూర్చుంటుంది.

గాలి సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. ఉష్ణోగ్రత సుమారు ఐదున్నర డిగ్రీలు తగ్గితే టైరులో ఒక పీఎస్‌ఐ తగ్గుతుందని అమెరికా జాబితా చెబుతుంది, అది నిజమే. చోడవరంలో తెల్లవారుజామున 18 డిగ్రీలున్నప్పుడు బయల్దేరి 6 డిగ్రీల లంబసింగి చేరితే ఆ లెక్కన రెండు పీఎస్‌ఐ పోవాలి. కానీ వెయ్యి మీటర్ల ఎత్తున బయటి గాలి ఒత్తిడే పదకొండు కిలోపాస్కల్స్ తక్కువ. అందువల్ల మీటరు మీద ఒకటిన్నర పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. లెక్క ఇంచుమించు సరిసమానం అయిపోతుంది. చలికాలం కదా అని చోడవరంలోనే రెండు పాయింట్లు ఎక్కువ కొట్టించుకుని బయల్దేరేవాడికి, బీఎన్ రోడ్డు మీద నడుం నొప్పి తప్ప లాభం లేదు.

మరి మన శీతాకాలపు ప్రయాణంలో నిజంగా ప్రమాదంలో పడేది ఏమిటంటే, వేడెక్కే భాగం. బ్రేకు. ఒకటిన్నర టన్నుల కారు పాడేరు నుంచి గరికబంద వైపు 700 మీటర్లు దిగిందనుకుందాం. ఆ దిగుడులో కారు వదులుకోవలసిన శక్తి సుమారు కోటి జూల్స్. ముప్పై లీటర్ల చన్నీళ్లను కళపెళ మరిగించడానికి అది చాలు. ఇంజినుకి పని చెప్పకుండా దిగితే ఆ వేడిలో చాలా భాగం నాలుగు చక్రాల దగ్గరి ప్యాడ్లు, డిస్కులు, షూలే మోయాలి. బయట ఎనిమిది డిగ్రీల చలి ఉన్నా డిస్కు దగ్గర వందల డిగ్రీలుంటుంది. ప్యాడ్లు పట్టు వదిలితే కాలి కింద పెడలు గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. బ్రేకు ఆయిలు మరిగితే పెడలే నేల దాకా వెళ్లిపోతుంది.

ఆయిలు మరగడం వెనక మన సముద్రపు గాలి ఉంది. బ్రేకు ఆయిలుకి తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్త ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే నూటికి మూడు, నాలుగు వంతుల నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పాత డాట్ 3 అయితే 140కే. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. విశాఖ తీరం దగ్గర తేమలో తిరిగే బండికి ఆ రెండేళ్ల గడువు ఉదారమనే చెప్పాలి. మినియాపొలిస్ జాబితాలో బ్రేకు ఆయిలు ఉంటే ఎక్కడో అడుగున ఉంటుంది. అక్కడి నేల చదును, భయమంతా ద్రవాలు గడ్డకట్టడం గురించి. మనది ద్రవాలు మరగడం గురించిన భయం. జాబితాని దిగుమతి చేసుకున్నవాళ్లు దీన్ని తలకిందులు చేయాలని గమనించలేదు. ఇక్కడ అక్టోబరులో నడిపే చెకప్ క్యాంపుల్లో బ్యాటరీ వోల్టేజి చూస్తారు, వైపర్ నీళ్లు నింపుతారు, ఏసీ పరిమళం కొడతారు. బ్రేకు ఆయిల్లో తేమ ఎంతుందో చూసే పెన్ను లాంటి పరికరం చవకది, ఎన్ని క్యాంపుల్లో వాడుతున్నారో అడగండి.

ఈ ఒక్క విషయంలో పాడేరు డ్రైవర్ల నోటి చదువు అచ్చు జాబితా కన్నా చాలా పైమెట్టు మీద ఉంది. “ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాలి బాబూ” అంటారు. అంతే. భౌతికశాస్త్రం మొత్తం అందులో ఉంది. ఇంజిన్ చేత బండిని పట్టించి, బ్రేకుని అవసరానికి దాచుకోవడం. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేసి దింపేవాణ్ణి పెద్ద డ్రైవర్లు పిచ్చివాడి కింద జమ కడతారు. పైగా ఈనాటి బండి గేర్లో దిగుతూ యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఇంజినుకి ఇంధనం పంపడమే మానేస్తుంది. కాబట్టి న్యూట్రల్లో మిగిలేదీ లేదు. కొత్త చిక్కు ఆటోమేటిక్ కార్లతో వచ్చింది. గేరు లీవరు డీ దగ్గర పెట్టేసి, బ్రేకు మీద కాలేసి కొండ దిగిపోయే తరం తయారైంది. ఎల్ అనో, మాన్యువల్ అనో పక్కన గుర్తు ఎందుకుందో షోరూములో ఎవరూ చెప్పరు.

ఘాటీ చలికాలం కోసం ఎదురుచూడదని కూడా ఒప్పుకోవాలి. 2021 ఫిబ్రవరిలో అరకు దారిలో డముకు దగ్గర హైదరాబాదు యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. 2023 ఆగస్టులో చోడవరం నుంచి పాడేరు వెళ్తున్న ఆర్టీసీ బస్సు ఘాటీలో లోయలోకి జారింది, ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పొగమంచు పర్యాటకం లేదు. ఏడాది పొడవునా రోడ్డు అదే, దిగుడు అదే. శీతాకాలం చేసే తేడా అల్లా, ఆ రోడ్డు ముఖం ఎన్నడూ చూడనివాళ్లని వేల సంఖ్యలో, నిద్రలేని రాత్రుల్లో, దాని మీదికి పంపడం.

అలాగని నోటి చదువుని నెత్తిన పెట్టుకోలేను. దానికీ లోపాలున్నాయి, అవీ చిన్నవి కావు. పొగమంచులో బ్రైట్ వేసి పోవడం మన రోడ్ల మీద దాదాపు సంప్రదాయం. ఆ వెలుగు మంచు తుంపరలకి తగిలి తిరిగి డ్రైవరు కళ్లలోకే కొడుతుంది. డిమ్ వేసి, కిందికి బిగించిన ఫాగ్ లైటు వేస్తే పది గజాలు ఎక్కువ కనిపిస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి నడపడం ఇంకో ఆచారం. ఆగిన బండికి పెట్టాల్సిన గుర్తు కదిలే బండికి పెడితే, మలుపు దగ్గర ఎటు తిరుగుతున్నాడో వెనకవాడికి తెలిసేదెలా? రేడియేటరులో బోరు నీళ్లు పోసేస్తారు. అద్దానికి పొగాకు రుద్దే పాత లారీవాళ్ల విద్య ఇంకా బతికే ఉంది, అరిగిన వైపర్ బ్లేడు మార్చడం మాత్రం వచ్చే నెలకి వాయిదా. చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు కొత్త బండికి పూజ చేయించి నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆ శ్రద్ధలో పదో వంతు బ్రేకు షూల మీద పెట్టినా దేవుడికి కాస్త పని తగ్గుతుంది. అన్నింటికన్నా పెద్ద లోపం ఇంకోటి. అనుభవం చెవితో వింటుంది, కాలితో పసిగడుతుంది. కానీ ఆయిల్లో కలిసిన నీటిని చెవీ కాలూ ముందుగా చెప్పలేవు. పెడలు మెత్తబడ్డాకే తెలుస్తుంది, అప్పటికి బండి మలుపులో ఉంటుంది. అచ్చు జాబితాకున్న గొప్పదనం ఇక్కడే: కంటికి కనబడనిదాన్ని తేదీ వేసి చూడమంటుంది.

అద్దం దగ్గర రెండు లోకాలూ విడిపోయే తీరు చూడముచ్చటగా ఉంటుంది. టొరంటోలో పొద్దున్నే అద్దం మీద గడ్డకట్టిన మంచుని బయటి నుంచి గీకుతారు. పాడేరు దారిలో అద్దాన్ని కప్పేది లోపలివాళ్ల ఊపిరి. ఎనిమిదిమంది ఎక్కిన బండిలో అద్దాలు మూసేస్తే రెండు కిలోమీటర్లకే ముందు ఏమీ కనబడదు. చలిలో ఏసీ వేయడమేమిటని పెద్దలు కోప్పడతారు గానీ, ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది. దానికి హీటరు వేడి కలిపి, లోపలి గాలే తిప్పే మీట మార్చి బయటి గాలి రానిస్తే నిమిషంలో అద్దం తేటపడుతుంది. ఏసీ లేని సర్వీసు జీపులకి గుడ్డ ముక్కే గతి. తలకాయలు తగ్గించి ఎక్కించుకోవడం కూడా ఒక మార్గమే, కానీ సంత రోజున అది కుదిరే పని కాదు.

ఒక్కచోట మాత్రం అక్కడికీ ఇక్కడికీ తేడా లేదు. 2022 క్రిస్మస్ మంచు తుఫానులో బఫెలో పరిసరాల్లో నలభైమందికి పైగా చనిపోయారు, కొందరు కార్లలో చిక్కుకునే. మంచులో చిక్కితే పొగ గొట్టం మూసుకుపోకుండా తవ్వి చూసుకోమనీ, అద్దం కొద్దిగా దించి ఉంచమనీ అక్కడివాళ్లకి పదేపదే చెబుతారు. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. లంబసింగిలో గుడారం దొరకని కుర్రాళ్లు అద్దాలెత్తి, ఇంజిన్ ఆడుతుండగా, హీటరు వేసుకుని కారులో పడుకుంటారు. ఆ విషవాయువుకి రంగూ వాసనా లేవు, అక్షాంశ రేఖాంశాలతోనూ పనిలేదు. దిగుమతి చేసుకున్న జాబితాలోంచి మనం తప్పకుండా ఉంచుకోవాల్సిన వాక్యం ఇది. మన కరపత్రాలు వదిలేసింది కూడా దీన్నే.

ద్విచక్ర వాహనం దగ్గరికి వస్తే అమెరికా జాబితాలో పేజీ ఖాళీ. మినెసోటాలో మోటారు సైకిలు నవంబరులో షెడ్డుకెక్కి ఏప్రిల్లో దిగుతుంది. లంబసింగి శీతాకాలం మాత్రం ద్విచక్రం మీదే నడుస్తుంది. అనకాపల్లి, చోడవరం కుర్రాళ్లు అర్ధరాత్రి దాటాక జంటలు జంటలుగా బయల్దేరతారు. ఇక్కడ సిద్ధం చేయాల్సిన బండిలో మనిషి ఒళ్లు కూడా ఒక భాగమే. ఎనిమిది డిగ్రీల గాలి గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో కొడుతుంటే ముందు మొద్దుబారేవి చేతి వేళ్లు, అంటే బ్రేకూ క్లచ్చూ పట్టే వేళ్లే. చొక్కా లోపల పేపరు మడతపెట్టుకునే పాత చిట్కా ఛాతీని కాపాడుతుంది, వేళ్లని కాపాడదు. చేతి తొడుగులు కొనమంటే డాబుసరి అనుకుంటారు. హెల్మెట్ అద్దం ఊపిరికి మసకేస్తే పైకెత్తి నడుపుతారు, కళ్లలో నీళ్లు కారతాయి. డౌనూరు దాటాక రోడ్డు మీద మంచు తడి, ఆకుల రొట్ట, ట్రాక్టరు చక్రాలు వదిలిన బురద. వెనక టైరు గాట్లు నున్నబడి ఉంటే వంపులో బండి ఒరిగినచోటే ఉండిపోతుంది. వీటి మీద పరిశోధనలు అక్కర్లేదు, ఒక పేజీ చాలు. ఆ పేజీ తెలుగులో ఇంకా ఎవరూ శ్రద్ధగా రాయలేదు.

ఇంతవరకూ సొంత బండి సంగతి. శీతాకాలపు సన్నద్ధతకి ఇంకో సగం ఉంది, ఎదుటివాడి బండి. అక్కడే మనం మరీ వెనకబడ్డాం. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకుండా కారు నడపడం నేరం, జరిమానా ఉంటుంది. ఆంటారియోలో చట్టం బలవంతపెట్టలేదు గానీ, 2016 జనవరి నుంచి వింటర్ టైర్లు వేసుకున్నవాళ్లకి బీమా కంపెనీలు ప్రీమియం తగ్గించి తీరాలి. ఒకచోట కర్ర, ఇంకోచోట తాయిలం. రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే, నీ టైరు జారితే దెబ్బ తినేది పక్కవాడని. మన దగ్గర బండి ఆపి కాగితాలు చూస్తారు, వెనక లైటు చూసేవాళ్లు అరుదు.

చోడవరం చుట్టూ డిసెంబరు అంటే చెరుకు నరికే కాలం. తెల్లారగట్ల పొలాల మీంచి లేచే పొగమంచులో బెల్లం గానుగల పొగ కలుస్తుంది. ఆ మసకలో చెరుకు ట్రాక్టరు నిదానంగా పోతుంటుంది. ట్రక్కు వెనక గడలు మూర పొడవున బయటికి వేలాడి, ఉన్న ఒకటి రెండు ఎర్ర దీపాల్ని కూడా కప్పేస్తాయి. ఎడ్లబండి అయితే దీపమే ఉండదు. వెనక నుంచి వచ్చే కారులో బ్రేకులు కొత్తవైనా, టైర్లు కొత్తవైనా, కనబడని దాని ముందు అవి చేయగలిగింది కొంచెమే. వెలుతురు పడితే మెరిసే ఎర్ర టేపు ఒక మూర అంటిస్తే దూరం నుంచే తెలుస్తుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో రిఫ్లెక్టర్ల మాట 1989 నుంచీ ఉంది. ఖర్చు చూస్తే ఒక వింటర్ టైరు ధరకి ఊరి ట్రక్కులన్నింటికీ టేపు వస్తుంది.

అంటించేదెవరన్నదే తేలదు. ట్రాక్టరు ఒకరిది, ట్రక్కు ఒకరిది, చెరుకు ఇంకొకరిది. ఈ ముగ్గురూ తప్పనిసరిగా ఆగే చోటు ఒక్కటే, ఫ్యాక్టరీ కాటా. చోడవరం పక్కనున్న గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర గంటల కొద్దీ వరసలో నిలబడే బళ్లకి, తూకం చీటీ ఇచ్చే ముందు ఒక టేపు ముక్క అంటించడం ఎవరికీ భారం కాని పని. కానీ తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. గోవాడది కూడా ఏ ఏటికాయేడు ఆడుతుందో లేదో తేలని పరిస్థితి. కాటా దగ్గరికి చేరే చెరుకు తగ్గి, పల్లెకొకటిగా ఉన్న బెల్లం క్రషర్లకీ, దూరపు ఫ్యాక్టరీలకీ పోయే చెరుకు పెరిగితే, బళ్లన్నీ ఒకచోట ఆగే గేటంటూ మిగలదు. అప్పుడా టేపు పని రవాణా శాఖ రోడ్డు మీదే చేయాలి, అదీ తెల్లవారుజామున నాలుగింటికి, ట్రాక్టర్లు నిజంగా తిరిగే వేళకి.